ఇంటి బుజ్జి కుక్కకు పిల్లలా, ఆపరేషనా

చిన్న జాతి ఆడకుక్కకు ఆరు నుంచి పది నెలల వయసు మధ్యలో మొదటిసారి ఎద వస్తుంది. గచ్చు మీద అక్కడక్కడా నెత్తుటి చుక్కలు పడతాయి, వెనక భాగం ఉబ్బుతుంది, కుక్క పదే పదే నాక్కుంటుంది. ఆ వారంలోనే వీధి గేటు ముందు ఎన్నడూ చూడని మగకుక్కలు చేరతాయి. దీనికి పిల్లలు పెట్టించాలా, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాలా అన్న ఆలోచన చాలా ఇళ్లలో మొదలయ్యేది ఆ రోజే. నిజానికి దానికి జవాబు అంతకు రెండు మూడు నెలల ముందే సిద్ధంగా ఉండాలి. గేటు తెరిచి ఉన్న పది నిమిషాల్లో వీధికుక్క ఒకటి వచ్చి ఆ సంగతి తేల్చేసి పోతే, రెండు నెలల తర్వాత అది మూడు కిలోల ప్రాణి మీదికి వస్తుంది.

నల్లజర్ల, తాడేపల్లిగూడెం, ఏలూరు చుట్టుపక్కల ఇళ్లలో చిన్న కుక్క అంటే పామరేనియన్, పగ్, షిట్జు, డాష్‌హండ్. మన దగ్గర పామరేనియన్ అని పిలిచే తెల్ల బొచ్చుకుక్క చాలావరకు ఇండియన్ స్పిట్జ్. 1994లో వచ్చిన ‘హమ్ ఆప్కే హై కౌన్’ హిందీ సినిమాలో కనిపించిన కుక్క ఆ జాతిదే. 2003లో హచ్ టెలిఫోన్ కంపెనీ ప్రకటనలో చిన్న పిల్లాడి వెంట నడిచిన పగ్ దేశమంతటా ఆ జాతికి గిరాకీ తెచ్చింది. అప్పటినుంచి పల్లెటూళ్లలో కూడా దాన్ని హచ్ కుక్క అనే అంటున్నారు. ముద్దుగా ఉందని కొన్న కుక్కే కొన్నాళ్లకు పిల్లల తల్లి కావాల్సిన కుక్కగా మారుతుంది. బంధువులు ఒక పిల్లనిమ్మని అడుగుతారు, అమ్మిన మనిషి క్రాసింగ్ చేయిస్తానంటాడు. ఇంట్లో పిల్లలకైతే కుక్కపిల్లలంటే ప్రాణం.

ముందుగా ఎద సంగతి తెలియాలి. ఆడకుక్క సాధారణంగా ఆరు నెలలకోసారి, కొన్ని ఇంకాస్త ఆలస్యంగా, ఎదకొస్తుంది. ఒక్కో ఎద రెండు మూడు వారాలు సాగుతుంది. మొదటి తొమ్మిది రోజులు అటూ ఇటూగా నెత్తురు కనిపిస్తుంది. మగకుక్కలు వెంట పడతాయి కానీ ఆడది దగ్గరికి రానివ్వదు. తర్వాత తొమ్మిది రోజుల్లో నెత్తురు పలచబడి ఎండుగడ్డి రంగుకు తిరుగుతుంది, కుక్క తోక పక్కకు పెట్టి నిలబడుతుంది. కడుపు నిలిచేది అప్పుడే. నెత్తురు ఆగిందని గొలుసు విప్పేసే ఇళ్లు చాలా ఉన్నాయి. సరిగ్గా జాగ్రత్తగా ఉండాల్సిన రోజులు అవే. మగకుక్క బీజం ఆడకుక్క గర్భంలో అయిదారు రోజులు బతికి ఉంటుంది కాబట్టి ఒక్కసారి కలిసినా కడుపు నిలవడానికి చాలు. మనుషుల్లో ఉన్నట్టు ఒక వయసు దాటాక నెలసరి ఆగిపోవడం కుక్కల్లో లేదు. పదేళ్ల ముసలి కుక్క కూడా ఎదకొస్తుంది, దానికీ కడుపు నిలవచ్చు.

ఒక్క ఈత అయినా పెట్టిస్తేనే ఆడకుక్క ఆరోగ్యంగా ఉంటుందన్న మాట ఊళ్లలో గట్టిగా వినిపిస్తుంది. దీనికి వైద్యంలో ఆధారం లేదు. ఒకసారి పిల్లలు పెట్టినంత మాత్రాన గర్భసంచి జబ్బులు రాకుండా పోవు, రొమ్ము గడ్డలు ఆగవు, కుక్క బుద్ధిమంతురాలూ అయిపోదు. మాతృత్వం దక్కలేదన్న దిగులు కుక్కకు ఉంటుందనుకోవడం మన మనసులోని మాటను దాని నోట పెట్టడమే. కుక్క ఎదను, కడుపును, పిల్లలను అవి వచ్చినప్పుడు అనుభవిస్తుంది. రానిదాని కోసం ఎదురుచూడదు.

పిల్లల్ని అమ్మితే డబ్బొస్తుందనేది రెండో మాట. చిన్న జాతుల్లో ఒక ఈతకు ఒకటి నుంచి నాలుగు పిల్లలే ఎక్కువ. స్కానింగు, ఎక్స్‌రే, మగకుక్క యజమానికి ఇచ్చే సొమ్ము లేదా పిల్ల, తల్లికి రెండింతలు మూడింతలు పెరిగే తిండి, పిల్లల నులిపురుగుల మందు, టీకాలు లెక్కేస్తే మిగిలేది కొద్ది. రాత్రివేళ సిజేరియన్ అవసరమైతే ఆ కొద్దీ మిగలదు. మూడో మాట కాస్త మనసుకు తగిలేది: ఈ కుక్క పోయాక దీని లాంటిదే ఇంకొకటి కావాలి. ఆ కోరికను తప్పుపట్టనక్కర్లేదు. కానీ పిల్లకు తల్లి పోలిక సగమే వస్తుంది. అదే రంగు, అదే చూపు, అదే గుణం వస్తాయని ఎవరూ మాటివ్వలేరు.

ఇక పిల్లలు పెట్టించాలనే అనుకుంటే చూడాల్సింది ముందు తల్లిని. మొదటి ఎదలో కుక్క తానే ఇంకా పెరుగుతూ ఉంటుంది, అప్పుడు కలపకూడదు. 2017 మే నెలలో కేంద్ర ప్రభుత్వం జంతుహింస నివారణ చట్టం కింద తెచ్చిన కుక్కల పెంపకం, అమ్మకాల నియమాలు ఈ విషయంలో స్పష్టంగా ఉన్నాయి. ఆడకుక్కకు 18 నెలలు నిండాలి. ఏడాదికి ఒక ఈతకు మించకూడదు, జీవితకాలంలో అయిదు ఈతలు దాటకూడదు, ఎనిమిదేళ్లు దాటాక కలపకూడదు. ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. అమ్మడానికి పిల్లల్ని పెంచేవాళ్లు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు దగ్గర నమోదు చేయించుకోవాలి. నలభై రోజుల పిల్లను అట్టపెట్టెలో పెట్టి బస్టాండులో చేతులు మార్చే అలవాటు ఈ నియమాలకు పూర్తిగా విరుద్ధం. అంతకంటే ముఖ్యంగా, ఆ వయసులో పిల్లకు ఇంకా తల్లీ తోబుట్టువులూ కావాలి. కొరుకుడుకు హద్దు ఎక్కడో, ఆట ఎక్కడ ఆపాలో అది వాటి దగ్గరే నేర్చుకుంటుంది.

తల్లిలో లోపముంటే అది పిల్లలకు దిగుతుంది. పామరేనియన్, చివావా లాంటి వాటిలో మోకాలిచిప్ప పక్కకు జారడం, గాలిగొట్టం కుంచించుకుపోయి బాతు అరిచినట్టు దగ్గడం ఉంటాయి. నడుస్తూ నడుస్తూ ఒక వెనక కాలు ఎత్తి రెండు గెంతులు వేసి మళ్లీ మామూలుగా నడిచే కుక్కను చూసి ఇంట్లోవాళ్లు నవ్వుకుంటారు. చాలాసార్లు అది మోకాలిచిప్ప జారిన గుర్తు. పగ్‌లో ముక్కు నొక్కుకుపోయి ఊపిరి ఆడకపోవడం పుట్టుకతో వచ్చేది. రోహిణి కార్తెలో ఏలూరు ఎండకు గురకపెడుతూ నాలుక నీలంగా మారే పగ్‌కు పిల్లలు పుట్టించడమంటే ఆ ఉక్కిరిబిక్కిరిని ఇంకో నాలుగు ప్రాణాలకు పంచడమే. అలాంటి కుక్కకు పిల్లలు వద్దు. మగకుక్కలో ఒక వృషణమే కిందికి దిగి రెండోది కడుపులో ఉండిపోతే అదీ వంశంలో నడిచే లోపమే. చెన్నై కేంద్రంగా పనిచేసే కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా కాగితం ఉంటే వంశవృక్షం తెలుస్తుంది. మోకాలు గట్టిగా ఉందో లేదో మాత్రం పశువైద్యుడు చేత్తో పట్టి చూస్తేనే తెలుస్తుంది.

చిన్న ఊళ్లలో ఇంకో చిక్కు ఉంది. ఒక జాతి మగకుక్కలు చుట్టుపక్కల రెండు మూడే ఉంటాయి, అందరూ వాటి దగ్గరికే పోతారు. నాలుగేళ్లు గడిచేసరికి తండ్రీ కూతుళ్లు, ఒకే తండ్రి పిల్లలు తెలియకుండానే జతపడతాయి. తాడేపల్లిగూడెంలో కొన్న ఆడ కుక్కపిల్ల, నల్లజర్లలో దొరికిన మగది ఒకే తండ్రి బిడ్డలు కావచ్చు. అమ్మినవాళ్లను అడిగి రెండు తరాల సంగతి తెలుసుకోకుండా కలపడం మంచిది కాదు. వీధికుక్కలతో తిరిగిన మగదైతే అంటురోగాల భయం కూడా ఉంది. కుక్కల జననాంగాల మీద కాలీఫ్లవర్ పువ్వులా పెరిగే ఒక గడ్డ కలయికలో ఒకదాన్నుంచి ఇంకోదానికి కణాలతో సహా అంటుకుంటుంది. మన దేశపు వీధికుక్కల్లో ఇది చాలా ఎక్కువ. వారానికోసారి విన్‌క్రిస్టిన్ ఇంజెక్షన్లతో సాధారణంగా నయమవుతుంది కానీ కుక్క నలిగిపోతుంది.

కడుపు నిలిస్తే ప్రసవం దాదాపు 63 రోజులకు. నాలుగు వారాలకు స్కానింగులో పిల్లల గుండె కొట్టుకోవడం కనిపిస్తుంది. చివరి వారంలో తీసే ఎక్స్‌రే చాలా విలువైనది. ఎన్ని పిల్లలున్నాయో, తలలు ఎంత పెద్దవో అప్పుడే తెలుస్తుంది. లోపల ఒక్కటే పిల్ల ఉంటే అది తిండంతా తానే తిని తల్లి కటి ఎముకల దారికి మించి పెరుగుతుంది. ఒక్క పిల్లే కాబట్టి సులువుగా పుడుతుందని అనుకుంటారు కానీ చిన్న కుక్కల్లో అడ్డం తిరిగే కాన్పుల్లో ఇలాంటివి చాలా ఉంటాయి. పగ్‌కు తల పెద్దది, తుంటి సన్నం. దాని విషయంలో సిజేరియన్‌కు ఎప్పుడూ సిద్ధంగా ఉండాలి.

గేదెలున్న ఇళ్లలో జరిగే ఒక పొరపాటును విడిగా చెప్పుకోవాలి. ఈనిన గేదెకు పాల జ్వరం వస్తుందని రైతులకు బాగా తెలుసు, క్యాల్షియం సీసా ఇంట్లో ఉంటుంది. కడుపుతో ఉన్న కుక్కకూ బలమని అదే పట్టిస్తారు. దాంతో కుక్క ఒంట్లో ఎముకల నుంచి క్యాల్షియం తీసుకునే ఏర్పాటు మందగిస్తుంది. ప్రసవమయ్యాక పాలు దిగే వేళ ఒక్కసారిగా లోటు పడుతుంది. పిల్లలు పుట్టిన రెండు మూడు వారాల్లో, పాలు బాగా తాగే రోజుల్లో, తల్లి ఎగశ్వాస తీస్తూ కుదురులేకుండా తిరుగుతుంది, కాళ్లు కర్రల్లా బిగుస్తాయి, ఒళ్లు వణుకుతుంది, జ్వరం 105, 106 డిగ్రీలకు పోతుంది. గేదె పాల జ్వరంలో ఒళ్లు చల్లబడితే కుక్కకు మాత్రం నిజంగానే కాలిపోతుంది. ఎండదెబ్బ అనుకుని నీళ్లు చల్లుతూ కూర్చుంటే గంటల్లో ప్రాణం పోతుంది. గుండెను వింటూ నెమ్మదిగా నరంలోకి ఎక్కించే క్యాల్షియం దీనికి మందు, అది డాక్టర్ చేతిలోనే జరగాలి. చిన్న కుక్కలకే ఈ జబ్బు ఎక్కువ. కడుపుతో ఉన్నప్పుడు పిల్లలకు పెట్టే మంచి పప్పీ ఫుడ్డు చాలు. క్యాల్షియం విడిగా అక్కర్లేదు.

కాన్పు రాత్రి ఎవరు మేలుకుంటారో ముందే తేల్చుకోవాలి. చివరి వారంలో రోజుకు రెండుసార్లు కుక్క మలద్వారంలో థర్మామీటర్ పెట్టి చూస్తే, ఎప్పుడూ 101 డిగ్రీలుండే వేడి 99 కంటే కిందికి దిగిన రోజు తర్వాత ఒక పగలు రాత్రి గడిచేలోపు నొప్పులు మొదలవుతాయి. కుక్క గోనెసంచిని గోకుతుంది, అన్నం ముట్టదు, మూలకు పోయి వణుకుతుంది. బలంగా నొప్పులు తీస్తూ అరగంట గడిచినా పిల్ల రాకపోతే, మొదటి పిల్లకు ముందే ఆకుపచ్చ ద్రవం కారితే, ఒక పిల్లకూ మరో పిల్లకూ మధ్య రెండు గంటలు దాటితే ఆసుపత్రికి బయల్దేరాలి. ఇక్కడే ఈ ప్రాంతం సంగతి ఆలోచించాలి. మండల కేంద్రాల్లో పశువుల ఆసుపత్రులున్నాయి, 1962 నంబరుకు ఫోన్ చేస్తే వచ్చే పశువుల అంబులెన్సులున్నాయి. కానీ అవి ప్రధానంగా ఆవులకూ గేదెలకూ గొర్రెలకూ. అర్ధరాత్రి రెండు కిలోల కుక్కకు మత్తిచ్చి సిజేరియన్ చేసే బల్ల నల్లజర్లకు దగ్గర్లో ఎక్కడుందో ముందే వెళ్లి కనుక్కోవాలి. గన్నవరంలోని ఎన్టీఆర్ పశువైద్య కళాశాల 16వ నంబరు జాతీయ రహదారి మీద, ఏలూరు దాటి విజయవాడ వైపు ఉంది. కొల్లేటి లంకల్లోని ఇంటికైతే రోడ్డెక్కడానికే గంట పట్టవచ్చు. ఆ రాత్రి కారు, డ్రైవర్, డాక్టర్ ఫోన్ నంబర్ అందుబాటులో లేని ఇంటికి పిల్లలు పెట్టించే నిర్ణయం తగదు. ఇది కఠినంగా వినిపించినా తల్లి కుక్క వైపు నుంచి చూస్తే మరో మాట లేదు.

పుట్టిన పిల్ల గుప్పిట్లో పడుతుంది. బరువు నూరు గ్రాములు, నూట యాభై గ్రాములు. కళ్లు మూసుకుని, చెవులు మూసుకుని, తల్లి పొట్ట వెచ్చదనం ఎటుందో అటు పాకుతుంది. మొదటి వారం దానికి వణికే శక్తి కూడా లేదు కాబట్టి చలేస్తే తనంతట తాను వేడి పుట్టించుకోలేదు. చల్లబడిన పిల్ల పాలు తాగలేదు, తాగకపోతే చక్కెర పడిపోతుంది. డిసెంబరు రాత్రుల్లో పెట్టె పైన బల్బు వేలాడదీయాలి, అయితే తల్లి పక్కకు జరగడానికి చోటు ఉంచాలి. వంటింటి త్రాసు మీద గిన్నె పెట్టి రోజూ ఒకే వేళకు తూచి గోడ క్యాలెండర్ మీద రాస్తే చాలు. పుట్టిన పన్నెండు రోజులకు రెండింతలు కావాలి. వరుసగా రెండు రోజులు పెరగకపోతే ఏదో తేడా ఉన్నట్టే. రెండు వారాలకు కళ్లు తెరుచుకుంటాయి. అప్పటి నుంచి రెండు వారాలకోసారి నులిపురుగుల మందు, ఆరు వారాల నుంచి పార్వో, డిస్టెంపర్ టీకాలు, మూడు నెలలకు రేబిస్ టీకా. పార్వో నెత్తుటి విరేచనాల జబ్బు. 1978 ప్రాంతంలో ప్రపంచమంతా పాకింది. ఆ వైరస్ నేలలో నెలల తరబడి బతుకుతుంది. వీధికుక్కలు తిరిగే ఊళ్లో బయటి చెప్పులతో పిల్లల పెట్టె దగ్గరికి వెళ్లకూడదు.

పాలిచ్చే తల్లి ఆకలికి ఏది దొరికితే అది తింటుంది. నల్లజర్ల మెట్టలో కొబ్బరి తోటల్లో అంతరపంటగా కోకో వేసిన ఇళ్లకు ఒక హెచ్చరిక. వాకిట్లో ఆరబోసిన కోకో గింజల్లోని థియోబ్రొమిన్ కుక్కకు విషం. మూడు కిలోల కుక్క పిడికెడు గింజలు తింటే గుండె లయ తప్పుతుంది, ఫిట్స్ వస్తాయి. ఆరబోసినన్నాళ్లు కుక్కను లోపలే ఉంచాలి.

పుట్టిన ప్రతి పిల్లకూ ఇల్లు ముందే ఉండాలి. తీసుకుంటామన్న బంధువులు ఎనిమిది వారాల తర్వాత ఆడపిల్ల అయితే వద్దంటారు. ఇది ప్రతి ఊళ్లోనూ జరిగేదే. మిగిలిన ఆడ కుక్కపిల్లలు చేపల చెరువు గట్ల మీద, చెత్తకుప్పల దగ్గర తేలతాయి. 2019 పశుగణనలో దేశంలో వీధికుక్కలు కోటీ యాభై మూడు లక్షలని తేలింది. ఇంట్లో దుప్పటి మీద పెరిగిన పామరేనియన్ ఆ గుంపులో వారం కూడా బతకదు, బతికిందంటే మరో ఈత పెడుతుంది. కొల్లేటి చుట్టూ దిక్కులేని కుక్కలు నేల మీద గుడ్లు పెట్టే పక్షులకూ చేటే. పిల్లను తీసుకునేవాళ్ల పేర్లు కడుపు నిలవకముందే కాగితం మీద రాసి, ఎవరైనా వెనక్కి తిప్పి పంపితే ఆ పిల్లను జీవితాంతం పెంచుకునే చోటు ఇంట్లో ఉందా అని చూసుకోవాలి.

ఈ షరతులన్నీ తీరే ఇళ్లు తక్కువ. అందుకే చాలావరకు చిన్న కుక్కలకు ఆపరేషనే తగిన దారి. ఈ మాట కొత్తది కాదు. మద్రాసులో 1959లో మొదలైన బ్లూక్రాస్ ఆఫ్ ఇండియా వీధికుక్కల్ని చంపడానికి బదులు ఆపరేషన్ చేసి వదిలే పద్ధతిని 1964లోనే చేపట్టింది. హైదరాబాదులో 1992లో అమల అక్కినేని స్థాపించిన బ్లూక్రాస్, విశాఖపట్నంలోని వీఎస్‌పీసీఏ తెలుగు నేల మీద అదే పనిని ముందుకు తీసుకుపోయాయి. 2023లో వచ్చిన జంతు జనన నియంత్రణ నియమాలు పెంపుడు కుక్కకు నులిపురుగుల మందు, టీకాలు, ఆపరేషన్ చేయించే బాధ్యత యజమానిదేనని చెప్పాయి.

ఆడకుక్క ఆపరేషన్‌లో పూర్తి మత్తిచ్చి, బొడ్డు కింద చిన్న కోత పెట్టి, రెండు అండాశయాలనూ గర్భసంచినీ తీసేస్తారు. కొందరు డాక్టర్లు అండాశయాలు మాత్రమే తీస్తారు, గర్భసంచి జబ్బు లేనప్పుడు అదీ సరిపోతుంది. మనుషుల్లో చేసే ట్యూబెక్టమీకీ దీనికీ తేడా ఉంది. ఇక్కడ హార్మోన్లు ఉత్పత్తి చేసే అండాశయాలే ఉండవు కాబట్టి ఎద కూడా రాదు, గేటు ముందు మగకుక్కలు చేరవు.

దీని వల్ల తప్పే జబ్బుల్లో ముందు చెప్పాల్సింది గర్భసంచిలో చీము. ఎద ముగిసిన రెండు నుంచి ఎనిమిది వారాల్లో, నడివయసు దాటిన కుక్కలకు వస్తుంది. స్వీడన్‌లో బీమా ఉన్న కుక్కల లెక్కల్లో, ఆపరేషన్ లేని ఆడకుక్కల్లో పదేళ్ల లోపు దాదాపు నాలుగింట ఒకదానికి ఈ జబ్బు వచ్చినట్టు తేలింది. ఎక్కువ నీళ్లు తాగడం, ఎక్కువసార్లు మూత్రానికి పోవడం దీని తొలి గుర్తులు. మే నెలలో కుక్క నీళ్ల గిన్నె ఖాళీ చేస్తుంటే ఎండలకే అనుకోవడం సహజం. చీము బయటికి కారితే తెలుస్తుంది. లోపలే ఉండిపోతే పొట్ట ఉబ్బి, అన్నం మాని, రెండు మూడు రోజుల్లో కుక్క నేలకు అతుక్కుపోతుంది. అప్పుడు చేసేది కూడా అదే ఆపరేషన్. కానీ ఆరు నెలల వయసులో ఆరోగ్యంగా ఉన్న కుక్కకు చేయడానికీ, తొమ్మిదేళ్ల వయసులో చీముతో నిండిన, మూత్రపిండాలు దెబ్బతిన్న కుక్కకు చేయడానికీ మధ్య తేడా భూమికీ ఆకాశానికీ ఉన్నంత.

రొమ్ము గడ్డల సంగతి తర్వాతది. 1969లో అమెరికాలో వచ్చిన ఒక పరిశీలన ప్రకారం, ఆపరేషన్ లేని కుక్కకు రొమ్ము క్యాన్సర్ ముప్పును 100 అనుకుంటే, మొదటి ఎదకు ముందే చేయించిన దానికి ఆ ముప్పు అర, అంటే 0.5 మాత్రమే. మొదటి ఎద తర్వాత చేయిస్తే 8, రెండో ఎద తర్వాతైతే 26. దశాబ్దాలుగా డాక్టర్లు ఈ అంకెలే చెబుతున్నారు. 2012లో బ్రిటన్ పరిశోధకులు ఈ విషయం మీద వచ్చిన అధ్యయనాలన్నీ తిరగేసి, రుజువు అనుకున్నంత గట్టిది కాదన్నారు. అంకెల్ని దేవుడి వాక్కుగా తీసుకోనక్కర్లేదు కానీ, తొందరగా చేయించినకొద్దీ మేలన్న దిశ మాత్రం మారలేదు. చిన్న జాతులకు అయిదారు నెలల వయసు, మొదటి ఎదకు ముందు, మంచి సమయం. అది దాటిపోతే ఎద పూర్తయ్యాక రెండు మూడు నెలలు ఆగి చేయించాలి. ఎదలో ఉన్నప్పుడు రక్తనాళాలు ఉబ్బి నెత్తురు ఎక్కువ పోతుంది.

ఆపరేషన్‌కూ నష్టాలున్నాయి. కుక్క ఒంటికి కావాల్సిన తిండి దాదాపు పావు వంతు తగ్గుతుంది, తగ్గించి పెట్టకపోతే లావవుతుంది. లావైన పగ్‌కు ఊపిరి ఇంకా కష్టం. కొన్ని కుక్కలకు పెద్దయ్యాక నిద్రలో మూత్రం కారుతుంది, ఇది పెద్ద జాతుల్లో ఎక్కువ, చిన్నవాటిలో అరుదు. తొందరగా చేయిస్తే కీళ్లు దెబ్బతింటాయన్న భయం గోల్డెన్ రిట్రీవర్ లాంటి పెద్ద కుక్కల మీద వచ్చిన పరిశోధనల నుంచి పుట్టింది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం 2020లో 35 జాతుల మీద ప్రకటించిన పరిశీలనలో చిన్న జాతులకు కీళ్ల ముప్పు పెరిగినట్టు కనిపించలేదు. మత్తు ప్రమాదం ఏ కుక్కకైనా కొంత ఉంటుంది, పగ్‌కు కాస్త ఎక్కువ. ఆపరేషన్ అయ్యాక అది పూర్తిగా లేచి తల నిలిపేదాకా ఊపిరి చూస్తూ ఉండే ఆసుపత్రిని ఎంచుకోవాలి.

ఈ ప్రాంతంలో మత్తుకు ముందు నెత్తురు పరీక్ష తప్పనిసరి అనుకోవాలి. కారణం పిడుదులు, ఊళ్లలో గోమార్లనీ అంటారు. చెవుల మడతల్లో, కాలివేళ్ల సందుల్లో పట్టుకునే ఈ పురుగులు ఎర్లికియా, బబీసియా అనే జ్వరాల్ని అంటిస్తాయి. పైకి కుక్క హుషారుగానే ఉండవచ్చు, లోపల ప్లేట్‌లెట్లు పడిపోయి ఉంటాయి. అలాంటి కుక్కను బల్ల మీద కోస్తే నెత్తురు ఆగదు. ముందు ఆ జ్వరానికి మూడు నాలుగు వారాలు మందు వాడి, ప్లేట్‌లెట్లు పెరిగాకే ఆపరేషన్. పస్తు ఉంచే విషయంలోనూ చిన్న కుక్క వేరు. రాత్రంతా, మళ్లీ మధ్యాహ్నం దాకా పస్తుంటే రెండు కిలోల పిల్లకు చక్కెర పడిపోతుంది. డాక్టర్ చెప్పిన గంటలకు మించి ఆకలితో ఉంచకూడదు, ఉదయం మొదటి వరుసలో చేయించమని అడగాలి.

ఆపరేషన్ ఖర్చుకు వెనకాడి ఎద రాకుండా ఇంజెక్షన్ వేయించేవాళ్లు, మనుషులు వాడే గర్భనిరోధక మాత్రలు ఇచ్చేవాళ్లు ఉన్నారు. ఆ హార్మోన్లే గర్భసంచిలో చీముకూ రొమ్ము గడ్డలకూ దారి తీస్తాయి. వీధికుక్క కలిసిందని పరుగెత్తుకెళ్లి కడుపు పోవడానికి ఈస్ట్రోజెన్ ఇంజెక్షన్ వేయించడం ఇంకా ప్రమాదం, ఎముకల్లోని మూలుగ నెత్తురు తయారుచేయడం మానేయవచ్చు. వీధికుక్క కలిసినప్పుడు పిల్లలు వద్దనుకుంటే కొన్ని వారాల్లో ఆపరేషనే చేయించడం క్షేమం.

మగకుక్క విషయం చిన్నది. వృషణాలు తీసే ఆపరేషన్ తేలిక, కడుపు కోయనక్కర్లేదు. ఎదలో ఉన్న కుక్క వాసనకు గోడ దూకి రోడ్డెక్కడం చాలావరకు తగ్గుతుంది. కడుపులో ఉండిపోయిన వృషణం క్యాన్సర్‌కు తిరిగే ముప్పు ఉంది కాబట్టి దాన్ని మాత్రం వదలకుండా తీయించాలి. ఆపరేషన్ తర్వాత కూడా నెల నెలన్నర పాటు ఎదలో ఉన్న ఆడకుక్కకు దూరంగా ఉంచాలి, మిగిలిన బీజంతో కడుపు నిలవచ్చు.

కుక్క ఇంటికొచ్చిన సాయంత్రం మత్తు వదలక తూలుతుంది, చల్లటి గచ్చు మీద కాకుండా దుప్పటి మీద పడుకోబెట్టాలి. మెడకు ప్లాస్టిక్ కోన్ ఉంచాలి, జాలిపడి తీస్తే కుట్లు నాకి విప్పేసుకుంటుంది. పది పన్నెండు రోజులు స్నానం లేదు, సోఫా మీదికి దూకడం లేదు. కుట్టు దగ్గర వాచినా, తడిగా చెమర్చినా, కుక్క అన్నం మానినా ఫోన్ చేయాలి. పది నుంచి పద్నాలుగు రోజుల్లో కుట్లు తీస్తారు. అన్ని షరతులూ తీరి ఒక ఈత పెట్టిన తల్లి కుక్కకైనా, పిల్లలు ఎనిమిది వారాలకు కొత్త ఇళ్లకు వెళ్లి, పాలు పూర్తిగా ఎండి, రొమ్ములు మామూలు స్థితికి వచ్చాక, మళ్లీ ఎద రాకముందే, ఇదే ఆపరేషన్‌కు తేదీ తీసుకోవాలి.